సాథీ వాళ్ళ నాన్న పేరు

లోరెదానా విసింతిన్ మా ఊరికి మేయరు ఎలా అయిందని ఎవరైనా అడిగితే, నా వల్లే అయిందని చెబుతాను. ఇందులో నా గొప్పేమీ లేదు. నేను ఆమెకు ఓటు వేయలేదు, అసలు నాకు ఓటే లేదు. నా నోట్లోంచి ఒక మాట రానందుకు సగం ఊరు ఆమె వెనక నడిచింది. ఆ మాట వచ్చాక మిగతా సగమూ నడిచింది.

ఆ ఏడాది ఏప్రిల్ నుంచీ నా బుర్రలో ఒక్క తారీఖే తిరుగుతూ ఉండేది. జూన్ తొమ్మిది. ఆ రోజుకు నా కూతురు సాథీకి పద్దెనిమిది నిండుతాయి. నిండేలోపు దాన్ని ఇక్కడికి రప్పించుకునే దరఖాస్తు పడితే అది తల్లిదండ్రుల దగ్గరికి రావలసిన పిల్ల. ఒక్క రోజు దాటినా ఢాకా అవతల కిశోర్‌గంజ్‌లో ఉండే ఎవరో ఒక ఆడమనిషి, ఇటలీకి దానితో పనిలేదు. ఎనిమిదేళ్ళ క్రితం మా ఆయన దగ్గరికి నేను వచ్చేటప్పుడు ఇక్కడి ఇల్లు ఇద్దరికే సరిపోతుందని కాగితం మీద రాశారు, అందుకని పిల్లను నానమ్మ దగ్గర వదిలి వచ్చాను. ఇప్పుడు షిప్‌యార్డు గేటుకు దగ్గర్లో రెండు గదుల ఇల్లు దొరికింది. మునిసిపాలిటీ మనిషి టేపు తెచ్చి గోడ గోడా కొలిచాడు, ముగ్గురికి సరిపోతుందన్నాడు. ఇక ఆ ముక్క కాగితం మీద రాసి ముద్ర కొట్టి ఇవ్వడమే మిగిలింది.

అంతలో ఎన్నికలొచ్చాయి.

లోరెదానా అప్పటికి ఆడవాళ్ళ సంక్షేమం చూసే కౌన్సిలరు. మేయరు కుర్చీ మీద కన్నేసి ఉంది. విదేశీ భార్యలందరూ చీకట్లో మగ్గుతున్నారని ఆమెకు ఆ వసంతంలోనే తెలిసింది. ఇల్లు సరిపోతుందనే సర్టిఫికెట్ కావాలంటే ఆ ఇంటి ఇల్లాలు మొగుడు లేకుండా ఒంటరిగా ఆఫీసుకు వచ్చి కాసేపు మాట్లాడాలని పద్ధతి పెట్టింది. బలవంతమేమీ లేదట. రాకపోతే ఫైలు కదలదు, అంతే.

నేను వెళ్ళాను. ఒంటరిగా వెళ్ళడం నాకు కొత్తా? షిప్‌యార్డులో మా ఆయనతో పనిచేసే పదకొండు మంది ఒంటరి మగవాళ్ళకు వండి, క్యారేజీలు సైకిల్ మీద పెట్టుకుని గేటు దగ్గర ఇచ్చి వచ్చేదాన్ని. ఆ ఊళ్ళో నాకు తెలియని సందు లేదు.

గదిలో లోరెదానా, టైపు చేసే ఒక మనిషి, దుబాసీగా తాహ్‌మినా ఉన్నారు. తాహ్‌మినా మావాళ్ళ పిల్లే. ఇక్కడే పుట్టింది, ఇరవై మూడేళ్ళు. నాకు వాళ్ళ భాష వచ్చు, రెండేళ్ళు కోర్సుకు వెళ్ళి పరీక్ష పాసయ్యాను. అయినా దుబాసీ ద్వారానే మాట్లాడమన్నారు. ఆ కోర్సులో మొదటి పాఠం పెద్దవాళ్ళనీ కొత్తవాళ్ళనీ "మీరు" అనాలని. మేం వాళ్ళను మీరు అంటాం, వాళ్ళు మమ్మల్ని నువ్వు అంటారు. ఆ రెండో పాఠం పుస్తకంలో లేదు.

"కూర్చో అమ్మాయ్. భయపడకు" అంది లోరెదానా. వయసులో నాకంటే నాలుగేళ్ళు చిన్నదయి ఉంటుంది.

"భయమేం లేదండీ."

"ఇంట్లోంచి బయటికి రావాలంటే ఎవర్ని అడుగుతావు?"

"ఎవర్నీ అడగను. వానొస్తుందేమోనని ఒకసారి పైకి చూసుకుంటాను."

టైపు మనిషి నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"తలమీద ఆ గుడ్డ వేసుకోమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. రేపు ఎవరైనా తీసెయ్యమంటే మాత్రం ఇంకొకటి కూడా వేసుకుంటాను."

తాహ్‌మినా దాన్ని ఇటాలియన్‌లో చెప్పకుండా మింగేసింది. నేనే చెప్పాను. లోరెదానా ముఖం కాస్త బిగుసుకుంది.

అప్పుడు టైపు మనిషి, ఏదో ఖాళీ నింపుకోవడానికి, తలెత్తకుండా అడిగాడు. "భర్త పేరు?"

నేను ఫైలు మీద వేలు పెట్టి చూపించాను. "ఇక్కడ ఉందండీ."

"ఉంది. నోటితో చెప్పాలి."

నా నోరు తెరుచుకుంది, మాట రాలేదు. వెటకారంగా అన్ని జవాబులిచ్చిన నోరే. పదిహేడేళ్ళ వయసులో పెళ్ళయినప్పటి నుంచీ ఆ పేరు నేను పలకలేదు. మా అమ్మ పలకలేదు, అమ్మమ్మ పలకలేదు. ఆ పేరున్న కొట్టు కనబడితే "ఫలానా మలుపులో కొట్టు" అనేవాళ్ళం. పేరు చెబితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని అమ్మమ్మ నమ్మేది. నేను నమ్మను. నమ్మకపోయినా నాలుక తిరగదు, దానికి నేనేం చెయ్యను?

"సాథీ వాళ్ళ నాన్న" అన్నాను.

లోరెదానా కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆమె గొంతు ఒక్కసారిగా మెత్తబడింది, అది విని నాకు ఒళ్ళు మండింది. "పేరు చెప్పడానికి కూడా భయమా? చెబితే ఏం చేస్తాడు?"

"ఏమీ చెయ్యడండీ. మా దగ్గర చెప్పరు."

"ఎందుకు చెప్పరు?" అని ఆమె తాహ్‌మినా వైపు చూసింది. ఆ పిల్ల చూపు బల్ల మీదికి దించేసింది. "మా ఆడవాళ్ళు అంతే, సిగ్నోరా" అంది.

టైపు మనిషి చాలాసేపు టైపు చేశాడు. ఫైలు మూసేశారు. సర్టిఫికెట్ సంగతి అడిగితే "నీ భద్రత తేలాక" అన్నారు.

మెట్ల మీద తాహ్‌మినాను చెయ్యి పట్టుకుని ఆపాను. "మీ అమ్మ మీ నాన్నను ఏమని పిలుస్తుందే?"

"ఏమండీ అనే పిలుస్తుంది ఆపా."

"మరి ఆ మాట చెప్పొచ్చు కదా! భయం కాదు, మర్యాద అని చెప్పొచ్చు కదా!"

"చెబితే వాళ్ళు మా అమ్మను కూడా పిలుస్తారు" అంది. "నాకు ఈ ఉద్యోగం వచ్చి మూడు నెలలే అయింది. నన్నొదిలెయ్యి ఆపా."

ఆ ఆదివారం గడియారం కూడలిలో లోరెదానా సభ. నేను వెళ్ళలేదు గానీ, వెళ్ళాల్సిన అవసరమూ లేకపోయింది. సోమవారం పేపర్లో మొదటి పేజీలోనే వేశారు. మన ఊళ్ళో, మన వీధుల్లో, మొగుడి పేరు పలకడానికి వణికిపోయే ఆడది ఉందట. ఆమె కళ్ళలో భయాన్ని లోరెదానా స్వయంగా చూసిందట. వణికానా నేను? పులస కూరలో ఉప్పెక్కువైందని ఒకసారి సాథీ నాన్న సణిగితే, గిన్నె ఎత్తి ఆయన కళ్ళముందే సింకులో వంపిన మనిషిని. ఆ చేప కోసం ఆయన రెండు రైళ్ళు మారి వెళ్ళి వచ్చాడని కూడా చూడలేదు. ఆ సంగతి టైపు మనిషి అడగలేదు.

రొట్టెల కొట్టు ఆవిడ నా చేతికి సంచి ఇస్తూ నా మణికట్టు వైపు చూసింది, కమిలిన మచ్చలేమైనా ఉన్నాయేమోనని. బస్‌స్టాపులో ఇద్దరు ముసలివాళ్ళు మా ఆయన్ను చూసి ఉమ్మేశారు. మర్నాడు ఆయన వేరే సందులోంచి పనికి వెళ్ళాడు.

బుధవారం కుద్దుస్ సాహెబు ఇంటికొచ్చాడు. కిరాణా కొట్టు ఆయనది, ఊళ్ళో మావాళ్ళకు పెద్దమనిషినని ఆయనే చెప్పుకుంటాడు. నమాజు గదికి మునిసిపాలిటీ తాళం వేసిన దగ్గర నుంచీ ఆయనకు ఊపిరి సలపడం లేదు. టీ తాగి, గొంతు సవరించుకుని, నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"భాభీ, అసలు మీరు ఆ ఆఫీసుకు వెళ్ళకుండా ఉండాల్సింది. వెళ్ళారు. వెళ్ళినవారు ఆ ఒక్క పేరూ చెప్పేసి రావాల్సింది. ఇప్పుడు చూడండి, మన ఆడవాళ్ళందరికీ నోట్లో నాలుక లేదని ఊరు ఊరంతా అంటోంది. ఇక మన తాళం తీస్తారా?"

"మీ ఆవిడ మీ పేరు చెబుతుందా కుద్దుస్ భాయ్?"

"అది వేరు."

"ఎలా వేరు?"

"ఆమెను ఎవరూ అడగలేదు కదా!"

"అయితే ఆమెను కూడా తీసుకెళ్ళండి. ఇద్దరం కలిసి చెప్పొస్తాం, మీ పేరు నేను చెబుతాను, ఈయన పేరు ఆమె చెబుతుంది. ఎవరి ఆయుష్షూ తగ్గదు."

సాథీ నాన్న తల వంచుకున్నాడు. నవ్వాపుకుంటున్నాడో సిగ్గుపడుతున్నాడో నాకు తెలియలేదు. కుద్దుస్ లేచి చెప్పులేసుకుంటూ, "మొఖ్లెసుర్ భాయ్, ఇల్లాలికి కాస్త చెప్పుకోండి" అని వెళ్ళిపోయాడు.

తలుపు వేశాక ఆయన అన్నాడు. "నిజమే కదా. చెప్పేయ్. నాకేం అభ్యంతరం లేదు."

"మీ అభ్యంతరం ఎవరడిగారు?"

"అంటే నా అనుమతి ఉందని చెబుతున్నా."

ఆ మాటకు నాకు తల తిరిగిపోయింది. ఇరవై ఏళ్ళు ఆయన పేరు నేను దాచుకున్నది ఆయన అనుమతితోనా? అది ఆయన పెట్టిన ఆంక్ష కాదు, ఎత్తెయ్యడానికి. లోరెదానాకు అది మొగుడు వేసిన తాళం. కుద్దుస్‌కు పరువు. ఈయన గారికి తన ఉదారత. నాది అని ఒక్కరూ అనుకోలేదు. పరాయి ఊళ్ళో, పరాయి భాషలో, నన్ను నువ్వంటూ పిలిచే మనుషుల మధ్య, ఆయనకూ నాకూ మధ్య మిగిలిన మన్నన అదొక్కటే. అది గట్టిగా చెప్పాను, వీధిలోకి వినబడేంత గట్టిగా. ఆయన విన్నాడు. విని, గోడమీది క్యాలెండరు చూపించాడు.

"మే పద్దెనిమిది" అన్నాడు. "ఇంకా ఇరవై రెండు రోజులు."

మర్నాడు వంటింట్లో సాధన చేశాం. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, నేను స్టవ్వు దగ్గర నిలబడ్డాను.

"మొదటి అక్షరం అను."

అన్నాను.

"రెండోది."

అన్నాను. మూడోది దగ్గర నాకు నవ్వొచ్చేసింది. ఆయనకూ వచ్చింది. చిన్నప్పుడు బళ్ళో పంతులు తనను కూడా ఇలాగే నిలబెట్టి పలికించేవాడని ఆయన, మా అమ్మ బతికుంటే గరిటె విసిరేదని నేను, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వుకున్నాం. పప్పు మాడిపోయింది. పేరు మాత్రం పూర్తిగా రాలేదు. మా ఇంట్లో మేమిద్దరం కలిసి నవ్వింది ఆ రోజే ఆఖరు.

ఆ రోజుల్లో సాథీతో వీడియోలో మాట్లాడినప్పుడల్లా దాని గది చూపించేదాన్ని. మంచం ఇక్కడ వేస్తాను, బల్ల కిటికీ దగ్గర పెడతాను, పరదా ఆకుపచ్చదా పసుపుదా అని అడిగేదాన్ని. "ఏదైనా సరే అమ్మా" అనేది. పిల్ల నెమ్మదస్తురాలని మురిసిపోయేదాన్ని. కిశోర్‌గంజ్‌లో నర్సింగు కాలేజీ అంటూ ఏదో చెప్పబోయింది ఒకసారి. ఇక్కడ ఇంకా మంచి కాలేజీలున్నాయి లే అని మాట తుంచేశాను.

మే ఇరవై ఆరున మళ్ళీ పిలిచారు. ఈసారి మునిసిపాలిటీలో పెద్ద హాలు. కెమెరాతో ఒక కుర్రది, పేపరు వాళ్ళిద్దరు, గోడకు లోరెదానా నిలువెత్తు బొమ్మ. ఆయన్ను గాజు తలుపు అవతల బెంచీ మీద కూర్చోమన్నారు. ఫైలు బల్ల మీద తెరిచి ఉంది, ముద్ర పక్కనే ఉంది. అంతా కనబడేలాగే పెట్టారు.

లోరెదానా నా భుజం మీద చెయ్యి వేసింది. సెంటు వాసన గుప్పున కొట్టింది. "ధైర్యంగా చెప్పు. ఇక్కడ నిన్నెవరూ ఏమీ చెయ్యలేరు. ఆ తలుపు మేం తెరిస్తే తప్ప తెరుచుకోదు."

తాహ్‌మినా పక్కనే ఉంది, ఒక్క ముక్క కూడా అనువదించలేదు.

చెప్పాను.

"కాస్త గట్టిగా" అంది కెమెరా అమ్మాయి. "మైకు పెట్టలేదు ఇంకా."

మళ్ళీ చెప్పాను.

"బాగుంది. ఈసారి నా వైపు చూసి, సిగ్నోరా చెయ్యి పట్టుకుని చెప్పు."

మూడోసారీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. లోరెదానా నన్ను కావలించుకుని, నా తల పైనుంచి కెమెరా వైపు చూసింది. గాజు తలుపు అవతల ఆయన వంగి బూటు లేసు ముడి వేసుకుంటున్నాడు, ముడి విప్పి మళ్ళీ వేసుకుంటున్నాడు. ముద్ర పడింది.

మర్నాడు పేపర్లో మా ఇద్దరి ఫోటో వేశారు. కింద ఇలా రాశారు: "లోరెదానా విసింతిన్‌తో మొఖ్లెసుర్ రహమాన్ భార్య." నాకు మొనోవారా అని ఒక పేరుంది. దాన్ని నోటితో చెప్పమని ఎవరూ అడగలేదు.

వీడియో మావాళ్ళ ఫోన్లన్నిటిలోకీ పాకింది. షిప్‌యార్డులో వెల్డింగు చేస్తున్నవాళ్ళు ముఖానికి తొడుగు దించుకుని, ఆడగొంతుతో, మూడుసార్లు ఆయన పేరు పిలవడం మొదలుపెట్టారట. మొదటిసారి మెల్లగా, రెండోసారి గట్టిగా, మూడోసారి రాగం తీసి. ఆయన నాకు చెప్పలేదు. క్యారేజీలు తీసుకునే కుర్రవాడొకడు చెప్పాడు, చెబుతూ వాడు కూడా నవ్వాడు. ఆ వారంలో పదకొండు క్యారేజీలు నాలుగయ్యాయి. "ఆ ఇంటి అన్నం వద్దు" అన్నాడట కుద్దుస్. పేరు చెప్పమని నా ఇంట్లో టీ తాగిన ఆ నోటితోనే.

ఇంట్లో ఆయన మాట్లాడటం మానేశాడు. ఒకరోజు ఎప్పట్లాగే "ఏమండీ, అన్నం వడ్డించనా?" అన్నాను. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "ఏమండీ ఎందుకు? పేరు పెట్టి పిలువు. ఊరంతా విన్నదే కదా" అన్నాడు.

"మీరే చెప్పమన్నారు."

"చెప్పమన్నాను. ఆవిడ చెయ్యి పట్టుకోమన్నానా?"

"ముద్ర ఆవిడ చేతిలో ఉంది. మీ చేతిలో ఉందా?"

ఆయన లేచి వెళ్ళి ముందుగదిలో పడుకున్నాడు. సాథీ కోసం వేసిన మంచం అది. వెళ్ళి లేపి, క్షమించమని అడుగుదామని ఒక్క క్షణం అనిపించింది. తప్పు నాదెలా అవుతుందని పళ్ళు నూరుకుని ఉండిపోయాను. ఇద్దరం ఒకరికొకరు ఎదురుపడకుండా తిరగడానికి రెండు గదులు బాగానే సరిపోయాయి.

ఓట్లు లెక్కించిన రోజు లోరెదానా గెలిచింది. వీధిలో హారన్లు మోగాయి. నేను కిటికీ మూసేసి, కాగితాలు క్రమంగా పెట్టుకున్నాను. జూన్ నాలుగున దరఖాస్తు పంపించాం. కంప్యూటరు సెంటరులో ఆయనా నేనూ పక్కపక్కన నిలబడ్డాం, మాటల్లేకుండా. అందిందని రసీదు వచ్చింది. ఇంకా అయిదు రోజులు మిగిలే ఉన్నాయి. ఇక ఎవరూ ఆపలేరు. అధికారులు సరే అనడం, ఢాకాలో అది వెళ్ళి వీసా తీసుకోవడం, అంతే మిగిలింది. ఆ రసీదు చూసుకుంటే, ఉమ్మిన వాళ్ళనూ, పాట కట్టి వెక్కిరించిన వాళ్ళనూ, అందర్నీ ఓడించానన్న పొగరు వచ్చింది నాకు. ఇంటికి రాగానే సాథీకి ఫోను చేశాను.

"పడిందే! దరఖాస్తు పడింది!"

అది ఫోను గోడకు ఆనించి పెట్టి, జడ అల్లుకుంటోంది.

"వినబడుతోందా?"

"వినబడుతోందమ్మా. వీడియో చూశాను."

"ఏ వీడియో?"

"అందరూ చూశారు. నానమ్మ చూసింది, మా కాలేజీ పిల్లలు చూశారు. మొదటిసారి నానమ్మ ఏడ్చింది. నేను మూడుసార్లూ నీ ముఖమే చూశాను." జడ చివర రబ్బరు బ్యాండు వేసుకుంది. "రెండోసారి, మైకు లేదన్నప్పుడు, నువ్వు ఆ అమ్మాయిని కొడతావనుకున్నా."

"అదంతా అయిపోయింది లే. నీకోసమే కదా చేసింది."

"నన్నడిగి చేశావా?"

"ఏం అడగాలి?"

"వస్తావా అని." దాని గొంతులో కోపం లేదు. కోపముంటే నేను నెగ్గేదాన్ని, కోపంతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు. "ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా అడిగావా అమ్మా? మంచం ఎక్కడ వెయ్యాలో అడిగావు. నేను నర్సింగులో చేరి నెలయింది. సీటు వచ్చిన రోజు చెబుదామని ఫోను చేస్తే గోడలు కొలవడానికి ఎవరో వచ్చారని పెట్టేశావు."

"ఇక్కడ నీకు ఇంకా మంచి..."

"అక్కడికొస్తే నాచేత ఏం చెప్పిస్తారు?"

 లోరెదానాకు జవాబిచ్చాను, కుద్దుస్‌కు ఇచ్చాను, కట్టుకున్నవాడికి ఇచ్చాను. ఆ పిల్లకు ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. బల్ల అంచు పట్టుకుని, బుద్ధిగా, ఎవరో రాసిచ్చిన ప్రశ్న చదువుతున్నట్టు అడిగాను.

"సరే. ఇప్పుడు అడుగుతున్నాను. వస్తావా?"

"రాను" అంది.

ఆ మాట దాని నోట ఒక్కసారే వచ్చింది, గట్టిగా కూడా కాదు. సెలవుల్లో నువ్వే రా అమ్మా అని ఇంకా ఏదో అంది, నానమ్మకు మోకాళ్ళ నొప్పులని చెప్పింది. అన్నిటికీ ఊఁ కొట్టాను. తర్వాత ఫోను పెట్టేసి, వాళ్ళ నాన్నకు చెప్పడానికి ముందుగదిలోకి వెళ్ళాను.